లోయ అంచున తోట: మారిషస్‌లో మనవాళ్ల చరిత్ర

పోయిన సంవత్సరం పరీక్షలో నాకు తెలుగులో మార్కులు తగ్గాయి. తప్పులన్నీ ఒకే రకం. ఒక చోట ఒత్తు వదిలేశాను, ఒక చోట దీర్ఘం పెట్టలేదు, ఇంకో చోట 'త' రాయవలసింది 'ట' రాశాను. ఎర్ర సిరా గీతలు చూసి ఇంట్లో గొణుక్కున్నాను. "ఒక్క ఒత్తు పోతే ఏమవుతుంది? చదివేవాళ్లకి అర్థం కాదా?" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. అవ్వ మాత్రం, "ఒత్తు పోతే ఊరే మారిపోతుందే పిల్లా" అని నవ్వింది. ఆ మాట నిజమని నేను ఒక తోటలో కూర్చుని తెలుసుకున్నాను. ఆ తోట పెరంబూరులో లేదు, మన దేశంలోనే లేదు. హిందూ మహాసముద్రంలో ఉన్న మారిషస్ ద్వీపంలో ఉంది.

మా మామ అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో అమ్మనూ నన్నూ పిలిపించాడు. చెన్నైలో కత్తిరి ఎండలు మండుతుంటే అక్కడ చలికాలం మొదలవుతోంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి రుతువులు తలకిందులని భూగోళం పాఠంలో చదివాను గాని, సాయంత్రం అయ్యేసరికి శాలువా కప్పుకుంటే గాని నమ్మలేదు.

రాతి మెట్లు

మామ మమ్మల్ని ముందుగా రాజధాని పోర్ట్ లూయిస్‌లోని 'ఆప్రవాసీ ఘాట్'కు తీసుకువెళ్లాడు. 1849లో కట్టిన ఈ చోట మన దేశం నుంచి కూలి పనికి వచ్చినవాళ్లను ఓడ దింపి, పేర్లు రాసుకుని, తోటలకు పంపేవారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సముద్రం నుంచి పైకి వచ్చే రాతి మెట్లు కొన్ని మిగిలాయి. చూడటానికి మామూలు మెట్లే.

చరిత్ర ఇది. మారిషస్ మొదట డచ్చివారి చేతిలో, తర్వాత ఫ్రెంచివారి చేతిలో ఉండి, 1810లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. చెరుకు తోటల్లో ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలు పని చేసేవారు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. కాని చెరుకు కొట్టేవాళ్లు కావాలి. అందుకని తోటల యజమానులు మన దేశం వైపు చూశారు. 1834 నవంబర్ 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తెచ్చి దింపింది. అప్పటి నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఆ రేవుకు వచ్చారు. ఒప్పందం 5 సంవత్సరాలు, మగవాళ్లకు కూలి నెలకు 5 రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. రెండు రోజుల కోత! మన ఇళ్లలో రోజుకూలికి పోయే ఎవరినైనా అడగండి, దాని అర్థం ఏమిటో చెప్తారు.

వాళ్లలో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. కాకినాడ దగ్గర గోదావరి పాయ పక్కన కోరంగి అని ఒక ఊరు ఉంది. ఒకప్పుడు అది ఓడలు కట్టే పెద్ద రేవు. 1839లో వచ్చిన తుఫాను ఉప్పెన ఆ రేవును నాశనం చేసింది. 1843లో 'కోరంగి పాకెట్' అనే ఓడ తెలుగు కూలీలతో మారిషస్‌కు వెళ్లింది. అట్లా ఆ ద్వీపంలో తెలుగువాళ్లకు 'కోరంగీలు' అని పేరు పడింది. మనిషి పేరు పోయి, జిల్లా పేరు పోయి, ఓడ ఎక్కిన రేవు పేరు మిగిలిందన్న మాట.

విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. మన మద్రాసు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. కొంతకాలం ఆగిన ఈ వలసను 1842లో మళ్లీ అనుమతించినప్పుడు కలకత్తా, బొంబాయిలతో పాటు మద్రాసును కూడా రేవుగా ఎంచారు. అప్పటికి మద్రాసులో ఇప్పుడున్న హార్బరు లేదు. ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేసి ఉంటే, మనుషులను మసూలా పడవల్లో అలల మీదుగా ఓడ దాకా చేర్చేవారు. మనం ఇక్కడి నుంచి బీచ్ స్టేషన్‌కు లోకల్ ట్రైన్‌లో అరగంటలో పోతాం. ఆ ఒడ్డున నిలబడి చివరిసారి వెనక్కి చూసినవాళ్లలో తెలుగువాళ్లు ఎంతమందో అని ఆ మెట్ల దగ్గర అనుకున్నాను.

కోరమాండల్ స్టేషన్

అక్కడి నుంచి మెట్రో ఎక్కాం. ఈ మెట్రో 2020 జనవరి నుంచి ప్రయాణికులతో నడుస్తోంది. మన దేశం ఇచ్చిన ఆర్థిక సాయంతో, మన లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ కట్టింది. నేను పెరంబూరు పిల్లను కదా, పెట్టె చూడగానే "మామా, ఇది మన ఐ.సి.ఎఫ్.లో చేసిందా?" అని అడిగాను. కాదట, స్పెయిన్‌లో చేసిందట. కొంచెం నిరాశ పడ్డాను.

రెండు మూడు స్టేషన్లు దాటాక బోర్డు మీద 'కోరమాండల్' అని చూసి ఉలిక్కిపడ్డాను. మన తూర్పు తీరానికి పాశ్చాత్యులు పెట్టిన పేరు అది. చోళమండలం అన్న మాట నుంచి వచ్చిందని చెప్తారు. మద్రాసు, కోరంగి రెండూ ఆ తీరం మీదివే. 4,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఒక చిన్న ఊరికి మన తీరం పేరు ఉంది. రైల్లో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ బోర్డును నేను ఒక్కదాన్నే చూశాననుకుంటా.

లోయ అంచున

బో బాసెన్ స్టేషన్‌లో దిగి కొంత దూరం నడిచి తోటకు చేరుకున్నాం. దాని పేరు బాల్ఫర్ తోట. పెద్దదేమీ కాదు. పచ్చిక, పెద్ద చెట్లు, బెంచీలు, ఆడుకునే పిల్లలు. ఒక దొడ్డిలో పెద్ద తాబేళ్లు ఉన్నాయి. ఇవి మారిషస్ తాబేళ్లు కావు, అల్డాబ్రా దీవి జాతివి. మారిషస్ సొంత తాబేళ్లు డోడో పక్షిలాగే మనుషుల చేతిలో ఎప్పుడో అంతరించిపోయాయి.

తోట చివరికి వెళ్లేసరికి కాళ్ల కింద నేల ఆగిపోయినట్టు అనిపించింది. కంచెకు అవతల లోతైన లోయ. అడుగున నది, పక్కన కొండచరియ మీంచి దూకే జలపాతం. దూరంగా మోకా కొండలు. ఇదంతా అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి. లావా గట్టిపడి రాయి అయితే, ఆ రాయిని నీళ్లు లక్షల ఏళ్లు కోసి ఈ లోయ చేశాయి. మెల్లగా వీచే గాలిలో నీళ్ల చప్పుడు పైదాకా వినపడుతోంది.

ఈ లోయను చూసి రాసినవాళ్లలో ఒకరు అందరికీ తెలిసినవారే. జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన ఛార్లెస్ డార్విన్. బీగిల్ ఓడ మీద ప్రపంచం చుడుతూ 1836 ఏప్రిల్ 29న మారిషస్ చేరి, మే 9 దాకా ఉన్నాడు. సర్వేయర్ జనరల్ కెప్టెన్ లాయిడ్ ఆయన్ని ఈ ప్రాంతంలోని తన ఇంటికి రెండు రోజులకు పిలిచాడు. దగ్గరలోనే లావా పొరలను కోసుకుంటూ సుమారు 500 అడుగుల లోతున ఒక గొప్ప లోయ ఉందని డార్విన్ తన యాత్రా గ్రంథంలో రాశాడు. లాయిడ్ దగ్గర ఉన్న ఏనుగు మీద కూడా కొంత దూరం ప్రయాణం చేశాడు. అంత పెద్ద జంతువు అడుగుల చప్పుడే లేకుండా నడవడం ఆయనకు వింతగా తోచింది.

అదే గ్రంథంలో డార్విన్ ఇంకో మాట కూడా రాశాడు. ఆ దీవిలో రోడ్లు, ఇతర పనులు చేస్తున్న భారతీయ ఖైదీలను చూశాడు. దాదాపు 800 మంది ఉన్నారని, వాళ్లు ఎంతో హుందాగా కనిపించారని, నెమ్మదిగా, శుభ్రంగా బతుకుతున్నారని మెచ్చుకున్నాడు. వాళ్లు ఎక్కువగా బెంగాలు, బొంబాయి వైపు నుంచి పంపబడినవాళ్లు. కాని ఒక్కరి పేరు కూడా రాయలేదు. ఏనుగు యజమాని పేరు మనకు తెలుసు, రోడ్డు వేసినవాడి పేరు తెలియదు.

తోటకు ఉన్న పేరు

బాల్ఫర్ ఎవరని మామను అడిగాను. దానికీ మన దేశానికీ సంబంధం ఉంది.

1866 నుంచి 1868 దాకా మారిషస్‌లో మలేరియా భయంకరంగా వ్యాపించింది. పోర్ట్ లూయిస్‌లో వేలమంది చనిపోయారు. 1864లోనే అక్కడికి రైలు వచ్చింది. స్తోమత ఉన్నవాళ్లు రేవు పట్టణం వదిలి చల్లగా ఉండే ఎత్తు ప్రాంతాలకు, అంటే బో బాసెన్, రోజ్ హిల్, క్యూర్‌పీప్ వైపు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. ఈ ఊళ్లు పెరగడానికి అది ఒక పెద్ద కారణం. కూలీలు మాత్రం తోటల్లోనే ఉండిపోయారు.

మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ కనుక్కున్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. ఆ రాస్‌నే 1907లో మారిషస్‌కు పిలిపించి సలహా అడిగారు. తర్వాత 1921లో డాక్టర్ ఆండ్రూ బాల్ఫర్ వచ్చి దీవి ఆరోగ్య పరిస్థితులు పరిశీలించి నివేదిక ఇచ్చాడు. ఈ తోటకు ఆయన పేరే పెట్టారు. చివరికి 1973లో మారిషస్‌ను మలేరియా లేని దేశంగా ప్రకటించారు. మంచి పని చేసిన డాక్టరు పేరు తోటకు ఉండటం న్యాయమే. కాని ఆ మురుగు కాలవలు తవ్వినవాళ్లు, చిత్తడి నేలలు పూడ్చినవాళ్లు ఎవరు? వాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? ఈ ప్రశ్న నాకు అక్కడే పుట్టింది. జవాబు కూడా అక్కడే, పక్క బెంచీ మీద కూర్చుని ఉంది.

బెంచీ మీది ముసలమ్మ

నేను కంచె మీదికి వంగి జలపాతం చూస్తున్నాను. అమ్మ వెనక నుంచి, "ఒసేయ్, అంచుకు పోవద్దే, ఇట్రా!" అని అరిచింది. పక్క బెంచీ మీది ముసలమ్మ చటుక్కున తిరిగి చూసింది. చీర కాదు, గౌను వేసుకుంది, నుదుట బొట్టు ఉంది. అమ్మ వైపు చూసి, "తెలుగు?" అంది. తర్వాత ఒక్కో మాట వెతుక్కుంటూ, "రా... కూచో... అమ్మా" అంది.

ఆమెకు వచ్చిన తెలుగు అంతే. మిగతాదంతా క్రియోల్. అది అక్కడ అందరూ ఇంట్లో మాట్లాడే భాష, ఫ్రెంచి నుంచి పుట్టింది. మామ మధ్యలో కూర్చుని మాకు చెప్పాడు. కాని కొన్ని మాటలకు మామ అవసరం లేకపోయింది. అమ్మోరు పండుగ అంది. రామభజనం అంది. సింహాద్రి అప్పన్న అని చెప్తూ రెండు చేతులూ జోడించింది. సింహాచలం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమె తల్లీ చూడలేదు. అయినా ప్రతి సంవత్సరం అప్పన్న పూజ చేస్తారు. భజన పాటలు రాత్రంతా పాడతారట, అర్థం సగం తెలియకపోయినా.

ఆమె మనవరాలు, నా వయసు పిల్ల, స్కూల్లో తెలుగు చదువుతోంది. అక్కడ ప్రభుత్వ బడుల్లో తెలుగు నేర్పుతారు. లోయకు అవతలి వైపున్న మోకా ఊళ్లో, 1970లో మొదలైన మహాత్మా గాంధీ సంస్థ ఉంది. అందులో కూడా తెలుగు బోధిస్తారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. ఇంట్లో మాట్లాడని భాషను బడిలో కూర్చుని నేర్చుకుంటున్నారు. మనం ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షకు ఇంగ్లీషు అని మూడింటి మధ్య తిరుగుతూ, వీటిలో ఏది వదిలేస్తే భారం తగ్గుతుందా అని చూస్తాం. మా క్లాసులో ఆరో తరగతిలో ఉన్నవాళ్లలో సగంమంది ఇప్పుడు వేరే మీడియంలో ఉన్నారు. నేనూ మారతానని రెండుసార్లు ఇంట్లో అడిగాను. ఇది దాచడం ఎందుకు?

మాటల మధ్యలో ఆ ముసలమ్మ సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆ మహాత్మా గాంధీ సంస్థలోనే వలసవచ్చినవాళ్ల పాత రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా, ఎక్కిన ఓడ రాసి ఉంటాయి. వారసులు అడిగితే నకలు ఇస్తారు. ఆమె తాత తండ్రి వివరాలు ఆ కాగితంలో ఉన్నాయి. రేవు మద్రాసు. జిల్లా విశాఖపట్నం. ఊరు పేరు చదివి చెప్పమని మాకు ఇచ్చింది. ఎన్ని సంవత్సరాల నుంచో తెలుగువాళ్లు ఎవరైనా కనిపిస్తారని కాగితం సంచిలోనే పెట్టుకుని తిరుగుతోందట.

నేను తీసుకుని చదివాను. ఇంగ్లీషు అక్షరాలు. సి, ఓ, టి, ఏ, పి, ఏ, ఎల్, వై.

"కొత్తపల్లి!" అన్నాను గట్టిగా.

అమ్మ కాగితం లాక్కుని చూసింది. "కోటపల్లి కూడా కావచ్చు కదే" అంది. మామ, "కొట్టపల్లి అయినా ఇట్లాగే రాస్తారు" అన్నాడు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆనాడు రిజిస్టరు రాసిన గుమాస్తాకు 'త', 'ట' ఒకటే. హ్రస్వం, దీర్ఘం ఒకటే. ఒత్తు ఉన్నా లేకపోయినా ఒకటే. ఆ కూలి మనిషి తన ఊరు పేరు సరిగ్గానే చెప్పి ఉంటాడు. విన్నవాడి అక్షరాల్లో దానికి చోటు లేకపోయింది. కొత్తపల్లి అయితే మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. పైగా ఆనాటి విశాఖపట్నం జిల్లా చాలా పెద్దది, ఇప్పుడు ఎన్నో జిల్లాలుగా విడిపోయింది.

అవ్వ మాట గుర్తొచ్చింది. ఒత్తు పోతే ఊరే మారిపోతుంది.

నా నోటు పుస్తకంలోంచి కాగితం చింపి మూడు పేర్లూ తెలుగులో పెద్దగా రాశాను. కొత్తపల్లి. కోటపల్లి. కొట్టపల్లి. రాస్తున్నప్పుడు ప్రతి ఒత్తూ రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆమె మనవరాలు తాబేళ్ల దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. కాగితం పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మూడూ చదివింది. ఆ పిల్ల తెలుగు మాట్లాడలేదు గాని, చదవగలిగింది! ముసలమ్మ కళ్లు మూసుకుని విన్నది. రెండోది మళ్లీ చదవమంది. మళ్లీ చదివింది. చిన్నప్పుడు తన తాత ఇట్లాంటి పేరు అనేవాడేమో అని చాలాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపింది. గుర్తు లేదంది. కాగితం మాత్రం జాగ్రత్తగా మడిచి పాత కాగితంలో పెట్టుకుంది.

పేర్లు

తిరిగి వచ్చేటప్పుడు మామ ఒక రచయిత్రి గురించి చెప్పాడు. నతాషా అప్పానా. 1973లో మారిషస్‌లో పుట్టి, ఫ్రెంచిలో రాసే ప్రసిద్ధ నవలాకారిణి. ఆమె పూర్తి పేరులో 'పాతరెడ్డి' అని కూడా ఉంది. 2003లో వచ్చిన ఆమె మొదటి నవల మన దేశం నుంచి వెళ్లిన కూలీల కథే. అప్పానా అంటే మన చెవికి అప్పన్నే కదా! నాయుడు అనే పేరు కూడా అక్కడ చివర సాగదీసి 'నాయుడూ' అయింది. పేర్లు అరిగిపోయినా పూర్తిగా పోలేదు. భజనలో కొంత, పండుగలో కొంత, పిల్లల బడి పుస్తకంలో కొంత మిగిలాయి.

నేను చూసిన తోట ఒకటే. కాని అక్కడ నిలబడితే మూడు రకాల చరిత్ర కనపడింది. లోయ గురించి డార్విన్ రాశాడు, కాబట్టి ఆయన పేరు ఉంది. తోటకు డాక్టరు పేరు పెట్టారు, కాబట్టి ఆయన పేరు ఉంది. చెరుకు కొట్టినవాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో, వాళ్లవి కాని అక్షరాల్లో ఉన్నాయి. వాటిని సరిగ్గా చదవాలంటే తెలుగు అక్షరం తెలిసినవాళ్లు ఇటువైపు, అటువైపు కూడా ఉండాలి. ఇటువైపు మనం ఉన్నాం.

మీడియం మారుస్తానని ఇంట్లో మళ్లీ అడగలేదు. అందరూ నాలాగే చేయాలని చెప్పను, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఇబ్బంది ఉంటుంది. కాని డిక్టేషన్‌లో ఒత్తు దగ్గర ఇప్పుడు నా చెయ్యి ఆగుతుంది.

చివరిగా ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక మనవి. మీలో ఎవరి సొంత ఊరైనా పాత విశాఖపట్నం జిల్లా అయితే, మీ పెద్దవాళ్లను అడగండి. కొత్తపల్లి, కోటపల్లి, కొట్టపల్లి అనే ఊళ్ల నుంచి 'మోరీసు'కు పోయి తిరిగి రాని మనిషి గురించి ఎవరైనా ఎప్పుడైనా చెప్పుకున్నారా? తెలిస్తే మా క్లాసుకు చెప్పండి. నేను మామకు రాస్తాను. మామ ఆ తోటకు వెళ్లి చెప్తాడు. ఆమె ఆదివారం సాయంత్రాలు ఆ బెంచీ మీదే కూర్చుంటుందట.